ఆకాశం: మీ ప్రశ్నలు, మా జవాబులు – ఆరుద్ర చుక్క

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆరుద్ర నక్షత్రం మీదే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం. ఈ చుక్క వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఆ మార్పును ఏ పరికరమూ లేకుండా డాబా మీద నుంచే కొలవచ్చు కాబట్టి ఆ జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.

మిరుగం పోయి ఆరుద్ర కార్తె వచ్చిందంటే మా దిక్కు పత్తి, కంది విత్తనాలు భూమిలో పడాలె. కానీ ఆ పేరున్న చుక్క ఆ రోజుల్లో ఎంత వెతికినా కనబడదు. మబ్బుల వల్లేనా? – కల్వకుర్తి నుంచి ఒక రైతు

మబ్బులు లేకపోయినా కనబడదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్ర భాగంలో ఉండే రెండు వారాలు. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలై జులై మొదటి వారంలో ముగుస్తుంది. ఆ రోజుల్లో ఆరుద్ర చుక్క ఇంచుమించు సూర్యుడితో పాటే పొడిచి, సూర్యుడితో పాటే గుంకుతుంది. పగలంతా నెత్తిమీదే ఉన్నా ఎండలో మనకు కనబడదు. చాలా కార్తెలకు ఇదే సూత్రం: కార్తె పేరు ఏ చుక్కదో ఆ చుక్క ఆ రోజుల్లో రాత్రి ఆకాశంలో ఉండదు.

జులై చివర్లో తెల్లవారుజామున తూర్పున బయటపడుతుంది గానీ వానకాలపు మబ్బుల్లో దొరకడం కష్టం. నవంబర్ మధ్యలో రాత్రి 8:30 ప్రాంతంలో పొడుస్తుంది, 10 గంటలకు చూడదగినంత పైకి వస్తుంది. డిసెంబర్ 20కి సాయంత్రం 6 గంటలకే తూర్పున ఉంటుంది. జనవరి చివర రాత్రి 9:30కి, ఫిబ్రవరి మధ్యలో 8:30కి దాదాపు నడినెత్తికి చేరుతుంది. మన నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఈ చుక్క ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో గీసుకున్న ఊహారేఖకు) 7.4 డిగ్రీలు ఉత్తరాన ఉంది. అందుకే మన దగ్గర అది నడినెత్తికి 10 డిగ్రీలు మాత్రమే దక్షిణంగా దాటుతుంది. దీన్ని కొలవడానికి ఇంతకంటే మంచి చోటు యూరప్ వాళ్లకు దొరకదు. ఏప్రిల్ చివర రాత్రి 10కి పడమట గుంకుతుంది, మే దాటాక సంధ్య వెలుగులో కలిసిపోతుంది.

అచ్చంపేటలో మా పిల్లలకు ఎర్రగా వెలుగుతున్న చుక్కను ఆరుద్ర అని చూపించాను. మరుసటి నెలకు అది పక్కకు జరిగినట్టు అనిపించింది. – ఒక ఉపాధ్యాయురాలు

జరిగిందంటే అది అంగారకుడు. 2025 జనవరిలో అంగారకుడు పునర్వసు చుక్కల దగ్గర బాగా వెలిగాడు. అప్పుడు చాలామంది ఇలాగే పొరబడ్డారు. ఆరుద్రను పట్టుకోవడానికి రంగును నమ్ముకోవద్దు, ఆకారాన్ని నమ్ముకోండి. దగ్గర దగ్గరగా ఒకే వరుసలో సమానంగా వెలిగే మూడు చుక్కలు ముందు దొరకాలి. ఫిబ్రవరి రాత్రి దక్షిణం వైపు తిరిగి చూస్తే ఆ మూడింటికి పైన ఎడమ పక్క నారింజ ఎరుపులో ఉన్నది ఆరుద్ర, కింద కుడి పక్క నీలితెలుపులో ఉన్నది రైజెల్. ఆ మూడు చుక్కల గీతను ఎడమకు కిందికి పొడిగిస్తే ఆకాశంలోకెల్లా వెలుగైన నక్షత్రం లుబ్ధకుడు, కుడికి పైకి పొడిగిస్తే రోహిణి దొరుకుతాయి. డిసెంబర్‌లో తూర్పున పొడిచేటప్పుడు మాత్రం ఆ మూడు చుక్కలు నిలువుగా ఉంటాయి, ఆరుద్ర ఎడమకు, రైజెల్ కుడికి వస్తాయి.

ఆరుద్ర వెలుగు మారుతుందని చదివాను. నా కంటితో ఆ మార్పును అంకెల్లో ఎట్లా రాయాలి? ఏమేం కావాలి? – నల్లగొండ డిగ్రీ విద్యార్థి

కావలసినవి: ఒక నోటు పుస్తకం, సన్నని ఎర్ర వెలుగు ఇచ్చే చిన్న లైటు (సెల్‌ఫోన్ టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు చుట్టినా చాలు), వెల్లకిలా పడుకోవడానికి ఒక మంచం. చుక్క నడినెత్తిన ఉన్నప్పుడు మెడ విరిచి చూస్తే రెండు నిమిషాల్లో కన్ను, మెడ రెండూ అలసిపోతాయి. ఆ అలసటలో వేసే అంచనా పనికిరాదు.

నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్‌లో చెబుతారు. అంకె తగ్గితే వెలుగు ఎక్కువ. ఒక మాగ్నిట్యూడ్ తేడా అంటే వెలుగులో సుమారు 2.5 రెట్లు. ఈ లెక్కను 1856లో స్థిరపరిచిన నార్మన్ పోగ్సన్ ఆ తర్వాత 1861లో మద్రాసు నక్షత్రశాలకు అధిపతిగా వచ్చి, చివరిదాకా అక్కడే పనిచేశాడు.

ఆరుద్ర మామూలుగా 0.3కూ 0.9కూ మధ్య తిరుగుతుంది. పోల్చుకోవడానికి వెలుగు తెలిసిన చుక్కలు ఇవి: బ్రహ్మహృదయం 0.1, ప్రొసియాన్ 0.4, రోహిణి 0.9, పునర్వసు జంటలో పెద్దది 1.1, మఖ 1.4, ఆరుద్రకు కుడి పక్కన అదే ఎత్తులో ఉన్న బెల్లాట్రిక్స్ 1.6. రైజెల్ కూడా 0.1 దగ్గరే ఉంటుంది, ఎదురుగానే కనబడుతుంది కూడా. అయినా దాన్ని వాడొద్దు. నీలితెలుపును ఎరుపుతో పోల్చడంలో కన్ను తడబడుతుంది. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపెక్కి నీలి వెలుగును ఆపుతుంది కాబట్టి ఒకే రాత్రి తాతకూ మనవడికీ రైజెల్, ఆరుద్రల తేడా వేరువేరుగా కనబడుతుంది. రోహిణి, పునర్వసులోని పెద్ద చుక్క నారింజ ఛాయలో ఉంటాయి, అవి మేలు. రోహిణి కూడా స్వల్పంగా మారేదే. దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

పద్ధతి ఇది. వీధి లైటు నేరుగా కంట్లో పడని చోట 15 నిమిషాలు చీకటికి అలవాటు పడండి. పల్లెకో అడవికో వెళ్లాల్సిన పనేమీ లేదు, ఇంత వెలుగైన చుక్కకు నల్లగొండ పట్టణం మధ్య డాబా కూడా చాలు. ఆరుద్ర కంటే కొంచెం వెలుగైనది ఒకటి, కొంచెం తక్కువది ఒకటి ఎంచుకోండి. ఉదాహరణకు ప్రొసియాన్, రోహిణి. ఆ రెంటి మధ్య తేడాను మనసులో ఐదు భాగాలు చేసుకుని, ఆరుద్ర ప్రొసియాన్ నుంచి ఎన్ని భాగాలు కిందికి ఉందో చూడండి. రెండు భాగాలు అనిపిస్తే, 0.4కూ 0.9కూ మధ్య తేడా 0.5, అందులో ఐదింట రెండు వంతులు 0.2, కలిపితే 0.6. అదే మీ అంచనా. దశాంశం తర్వాత ఒక్క అంకె చాలు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఎర్ర చుక్కను తదేకంగా చూస్తూ ఉంటే అది అంతకంతకూ వెలుగెక్కినట్టు అనిపిస్తుంది. అందుకని ఒక్కో చుక్కను ఒకటి రెండు క్షణాలు మాత్రమే చూసి, చూపు మార్చి, మళ్లీ రండి. రెండు చుక్కల్లో కిందున్నది వెలుగుగా అనిపించే భ్రమ ఒకటి ఉంది. రెండు కళ్ల గీత ఆ రెండు చుక్కల గీతకు సమాంతరంగా ఉండేట్టు తల వంచుకుంటే అది పోతుంది. హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనబడే చూపు) అద్దాలు ఉన్నవాళ్లు అద్దాలు తీసి చూస్తే చుక్కలన్నీ చిన్న మచ్చల్లా విచ్చుకుంటాయి, రెండు మచ్చల్లో ఏది కాంతివంతమో తేల్చడం సులువవుతుంది. నిండు చంద్రుడు దగ్గర్లో ఉన్న రాత్రి, పలుచని మబ్బు తెర ఉన్న రాత్రి, కోతల తర్వాత కొయ్యకాళ్లు కాల్చిన పొగ పరుచుకున్న రాత్రి మానేయండి.

అన్నిటికంటే పెద్ద తప్పు, పోయిన వారం రాసిన అంకె చూసుకుని ఈ వారం అంచనా వేయడం. మనసు తెలియకుండానే పాత అంకె వైపు లాగుతుంది. కొత్త పేజీ తీసి, రాశాకే వెనక్కి తిప్పండి. ఇంటర్నెట్‌లో వేరేవాళ్లు ఎంత రాశారో ముందే చూడటం కూడా అంతే నష్టం.

వారానికి ఒక్కసారి కొలిస్తే చాలు. ఈ చుక్క వెలుగు పెరిగి తగ్గే ప్రధాన చక్రం సుమారు 400 రోజులు, దాని మీద దాదాపు 2,100 రోజుల మరో నెమ్మది అల కూడా ఉంది. రోజూ కొలిస్తే కనబడేది మీ కంటి అటూఇటూ తప్ప చుక్క మార్పు కాదు. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా ఒక సెంటీమీటరుకు 10 రోజులు, నిలువుగా ఒక సెంటీమీటరుకు 0.1 పెట్టుకోండి. చిన్న అంకె పైకి, పెద్ద అంకె కిందికి రాయాలి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఒక సీజన్ ఒక ఏ4 షీటులో సరిపోతుంది. మీ అంచనాలో 0.1, 0.2 తేడా ఎప్పుడూ ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. ప్రతిసారీ అవే చుక్కలతో, అదే పద్ధతిలో చూడటం ముఖ్యం.

మా ఇద్దరికీ గొడవ. ఏప్రిల్ 20 రాత్రి 8:30కి నేను పునర్వసుతో పోల్చి ఆరుద్రకు 0.9 వేశాను. నా మిత్రుడు రోహిణితో పోల్చి ఏకంగా 0.0 వేశాడు. ఎవరిది తప్పు? – మిర్యాలగూడ

మీ కళ్లు రెండూ సరిగ్గానే చూశాయి. గాలి లెక్క ఇద్దరూ వేసుకోలేదు, అంతే.

చుక్క కిందికి దిగేకొద్దీ దాని వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి. నడినెత్తిన ఉన్నప్పుడు దాటే గాలిని 1 అనుకుంటే 60 డిగ్రీల ఎత్తులో 1.15, 45లో 1.4, 30లో 2, 20లో 2.9, 15లో 3.8, 10లో 5.6 వంతులు. ఒక్కో వంతుకు మామూలు రాత్రి 0.25 మాగ్నిట్యూడ్ పోతుంది. వేసవి దుమ్ములో 0.3 కూడా పోవచ్చు.

మీరు చెప్పిన సమయానికి మిర్యాలగూడలో ఆరుద్ర సుమారు 27 డిగ్రీల ఎత్తులో ఉంది, గాలి 2.2 వంతులు. పునర్వసు 55 డిగ్రీల పైన ఉంది, 1.2 వంతులు. తేడా 1 వంతు, అంటే ఆరుద్ర పునర్వసు కంటే 0.25 అదనంగా మసకబారింది. మీ 0.9 లోంచి అది తీసేస్తే 0.65. రోహిణి అప్పటికే 11 డిగ్రీలకు దిగింది, గాలి 5.1 వంతులు. అది ఆరుద్ర కంటే 0.7 అదనంగా మసకబారడంతో దాని పక్కన ఆరుద్ర జ్వలించినట్టు కనబడింది. మీ మిత్రుడి 0.0 కు 0.7 కలపండి. ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు.

చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిళ్లు పేర్చుకుంటూ పోతే ఎత్తు తెలుస్తుంది. మూడు పిడికిళ్ల కంటే కిందున్న చుక్కను పోలికకు వాడకపోవడమే మంచిది. తప్పనిసరైతే పై లెక్క వేసి, వేసినట్టు పుస్తకంలో రాయండి. మార్చి దాటాక ఈ ఇబ్బంది మొదలవుతుంది. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా రాత్రి 9 గంటలకు పై చుక్కల్లో చాలావరకు ఎత్తులోనే ఉంటాయి, దిద్దుబాటు 0.1 కూడా దాటదు. మఖ మాత్రం ఫిబ్రవరి మొదటి వారాల దాకా ఆ వేళకు తూర్పున కిందుంటుంది.

2020లో ఈ చుక్క పేలిపోతుందని టీవీల్లో ఒకటే హడావిడి. తర్వాత ఏమైంది? – సూర్యాపేట, వనపర్తి, గద్వాల నుంచి పలువురు

2019 అక్టోబర్ నుంచి ఆరుద్ర తగ్గడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి దీన్ని కొలుస్తున్న ఎడ్వర్డ్ గినన్, రిచర్డ్ వాసటోనిక్ డిసెంబర్‌లో ఆ సంగతి శాస్త్రవేత్తలకు తెలియజేశారు. 2020 ఫిబ్రవరిలో 1.6కు పడిపోయింది. అంటే పక్కనున్న బెల్లాట్రిక్స్‌తో సమానం. ఆ రోజుల్లో ఆకాశం వైపు చూసిన ఎవరికైనా తేడా తెలిసింది. ఏప్రిల్ నాటికి తిరిగి మామూలు వెలుగుకు వచ్చేసింది.

కారణం ఇప్పుడు చాలావరకు తేలింది. 2019లో నక్షత్రం ఉపరితలం నుంచి పెద్ద వాయురాశి ఒకటి బయటికి ఎగిసింది. ఆ శరదృతువులో హబుల్ టెలిస్కోప్ అతినీలలోహిత కాంతిలో దాని జాడ పట్టింది. వాయువు దూరంగా వెళ్లి చల్లబడి ధూళిగా గడ్డకట్టి, మన చూపుకు అడ్డంగా నిలిచింది. ఉపరితలంలో కొంత భాగం చల్లబడటం కూడా దానికి తోడైంది. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ తీసిన చిత్రాల్లో నక్షత్రం దక్షిణ భాగం మాత్రమే నల్లబడి కనిపించింది. ఆ వివరాలు 2021 జూన్‌లో నేచర్ పత్రికలో వచ్చాయి. పేలుడుకూ ఈ మసకకూ సంబంధం లేదు.

ఈ నక్షత్రం ఎప్పటికైనా పేలుతుందన్నది మాత్రం నిజం. సూర్యుడికి 15 నుంచి 20 రెట్ల ద్రవ్యరాశితో పుట్టి, ఇప్పుడు గర్భంలో హీలియంను మండిస్తున్న దశలో ఉన్నట్టు లెక్కలు చెబుతున్నాయి. మిగిలిన ఆయువు లక్ష సంవత్సరాల లోపు. అంటే రేపు అని అర్థం చేసుకోకూడదు. పేలినప్పుడు అర్ధచంద్రుడంత వెలుగుతో పగలు కూడా కొన్ని నెలలు కనబడుతుంది. దూరం సుమారు 550 నుంచి 700 కాంతి సంవత్సరాలు గనుక భూమికి హాని ఉండదు. భయపెట్టే శీర్షికలు చూసి పిల్లలు బెదిరితే ఈ దూరం సంగతి చెప్పండి.

వెలుగు మారడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దాన్ని 1836లోనే గమనించాడు. ఆయన వాడింది కూడా పైన చెప్పిన పోలిక పద్ధతి లాంటిదే.

నాగార్జునసాగర్ రోడ్డు పక్కన జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది కదా. అంత పెద్దదానితో చూస్తే ఆరుద్ర గుండ్రంగా కనబడుతుందా? – దేవరకొండ

కనబడదు. ఆరుద్రను సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య దాటి గ్రహశకలాల పట్టీ దాకా వస్తుంది. అయినా అంత దూరంలో దాని వెడల్పు 0.05 ఆర్క్‌సెకండు లోపే. ఒక డిగ్రీలో 3,600 ఆర్క్‌సెకండ్లు. 48 అంగుళాల దర్పణం సిద్ధాంతపరంగా విడదీయగలిగేది 0.1 ఆర్క్‌సెకండు వరకే. పైగా మన గాలి కదలిక చుక్కను ఒకటి రెండు ఆర్క్‌సెకండ్ల మచ్చగా పులిమేస్తుంది.

దీని వెడల్పును మొదట కొలిచింది 1920 డిసెంబర్‌లో. అమెరికాలోని మౌంట్ విల్సన్‌పై 100 అంగుళాల టెలిస్కోప్ ముందు 20 అడుగుల దూలం బిగించి, దాని మీద అద్దాలు అమర్చి, రెండు వైపుల నుంచి వచ్చే కాంతి కలిసినప్పుడు ఏర్పడే చారలు ఏ దూరంలో మాయమవుతాయో చూసి, శాస్త్రవేత్తలు మైకెల్సన్, పీస్ 0.047 ఆర్క్‌సెకండు అని తేల్చారు. సూర్యుడు కాకుండా వేరే నక్షత్రం వెడల్పు తెలియడం అదే మొదటిసారి.

ఆరుద్ర పురుగుల ఎరుపుకూ ఈ చుక్క ఎరుపుకూ సంబంధం ఉందా? – నాగర్‌కర్నూల్

లేదు. ఆ పురుగులు తొలి వానలకు నేల తడిసినప్పుడు పైకి వస్తాయి, ఆ సమయం ఆరుద్ర కార్తెకు దగ్గర పడుతుంది. చుక్క ఎరుపుకు కారణం ఉష్ణోగ్రత. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ అయితే దీనిది 3,300 దగ్గర.

ముడుమాల నిలువురాళ్ల దగ్గర బండ మీద సప్తర్షి మండలం గుంటలు చూశాం. ఆ కాలంలో ఆరుద్ర ఎక్కడ పొడిచేది? – నారాయణపేట

మంచి ప్రశ్న. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ రాళ్లు మూడున్నర వేల ఏళ్ల నాటివని పరిశోధకుల అంచనా. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. భూమి ఇరుసు నెమ్మదిగా దిశ మారుస్తూ ఉంటుంది గనుక చుక్కలు పొడిచే చోటు వేల ఏళ్లలో మారుతుంది. 3,500 ఏళ్లు వెనక్కి లెక్క వేస్తే ఆరుద్ర దాదాపు సరిగ్గా ఖగోళ మధ్యరేఖ మీద ఉంటుంది. అంటే అప్పుడు ముడుమాలలో అది సరిగ్గా తూర్పున పొడిచి, సరిగ్గా పడమట గుంకేది. ఇప్పుడు తూర్పుకు దాదాపు 8 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తోంది. ఆ రాళ్లలో ఏదైనా ఆరుద్ర కోసం నిలబెట్టారని చెప్పడానికి మాత్రం ఈ లెక్క ఒక్కటే చాలదు. తూర్పు వైపు ఉన్న వరుసలన్నీ విషువత్తు (పగలూ రాత్రీ సమానమైన రోజు) నాటి సూర్యుడికి కూడా సరిపోతాయి.

ఇదే కదలిక వల్ల కార్తెలు కూడా సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతున్నాయి. రుతుపవనం మాత్రం రుతువులను బట్టే వస్తుంది. వెయ్యేళ్ల కిందట ఆరుద్ర కార్తె ఇప్పటి క్యాలెండర్ ప్రకారం జూన్ మొదటి వారం చివర్లో మొదలయ్యేది. విత్తనం వేయడానికి కార్తెతో పాటు నేలలో తడి ఎంతుందో చూసుకోవడం అందుకే అవసరం.

కెమెరాతో కొలవొచ్చా? – జడ్చర్ల

కొలవొచ్చు, కంటి కంటే మెరుగ్గా కూడా. 50 మిల్లీమీటర్ల లెన్సు, స్టాండు, రా ఫైలు తీసే డీఎస్‌ఎల్‌ఆర్ ఉండాలి. ఎపర్చర్ ఎఫ్/4, ఐఎస్‌ఓ 400, ఎక్స్‌పోజర్ 4 సెకండ్ల దగ్గర మొదలుపెట్టండి. చుక్కను సూదిమొనలా ఫోకస్ చేస్తే మధ్య పిక్సెళ్లు నిండిపోయి కొలత పాడవుతుంది. ఫోకస్ కొద్దిగా తప్పించి 10, 15 పిక్సెళ్ల వెడల్పు మచ్చగా చేయండి. పది ఫొటోలు తీసి, ఆకుపచ్చ ఛానల్ మాత్రమే వాడి సగటు తీయండి. ఎరుపు ఛానల్‌లో ఆరుద్ర లేనిపోని వెలుగుతో కనబడుతుంది. సెల్‌ఫోన్ తనంతట తాను ఫొటోను మెరుగుపరిచేస్తుంది కాబట్టి ఆ జేపెగ్‌లు ఈ పనికి పనికిరావు.

మే నెలలో ఆరుద్ర పోయాక ఏది చూడాలి? కొలతలు ఎవరికి పంపాలి? – కోదాడ

హెర్క్యులిస్ మండలంలోని రాస్ అల్‌గేతీ చూడండి. ఇదీ ఎర్రటి రాక్షస తార, మన దగ్గర దాదాపు నడినెత్తి మీదుగా వెళుతుంది. మే మూడో వారంలో రాత్రి 10కి తూర్పున మూడున్నర పిడికిళ్ల ఎత్తులో, అర్ధరాత్రి దాటాక పైన ఉంటుంది. వెలుగు సుమారు 3కూ 4కూ మధ్య మారుతుంది. పోలికకు డెల్టా హెర్క్యులిస్ 3.1, కప్పా ఒఫియుకస్ 3.2, గామా హెర్క్యులిస్ 3.8 వాడండి. దీనికి పట్టణం డాబా చాలదు, వీధి దీపాలు తక్కువున్న చేను గట్టో, అమ్రాబాద్ వైపు ఊరో కావాలి. వానకాలం మబ్బుల తర్వాత అక్టోబర్ సాయంత్రాల్లో పడమట మళ్లీ దొరుకుతుంది.

కొలతలను 1911 నుంచి పనిచేస్తున్న అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్‌కు ఎవరైనా పంపవచ్చు. పంపేటప్పుడు చుక్క పేరు, సమయం, మీ అంచనా, పోల్చిన రెండు చుక్కల అంకెలు ఉండాలి. సమయాన్ని మన గడియారం లోంచి 5 గంటల 30 నిమిషాలు తీసేసి అంతర్జాతీయ సమయంలో రాయాలి. జూలియన్ దిన సంఖ్యలో (ఖగోళ శాస్త్రంలో రోజులను వరుసగా లెక్కపెట్టే సంఖ్య) రాసేవాళ్లకు మన దేశంలో ఒక సౌకర్యం ఉంది. ఆ దినం అంతర్జాతీయ మధ్యాహ్నం 12కి, అంటే మన సాయంత్రం 5:30కి మారుతుంది కాబట్టి మన రాత్రంతా ఒకే సంఖ్య కిందికి వస్తుంది. ఉదాహరణకు 2025 జనవరి 1 రాత్రి 8:30 అంటే 2460677.125. సాయంత్రం 5:30 నుంచి ఎన్ని గంటలు గడిచాయో లెక్కపెట్టి 24తో భాగిస్తే దశాంశ బిందువు తర్వాతి అంకెలు వస్తాయి.